తాడు చివర జారని లూప్ వేయాలంటే ఏ ముడి వేయాలి?

మీరు అడిగింది ఇది: 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చివర లూప్ వేసి, దానికి హుక్ తగిలించి సామాన్లు పైకి లాగుతున్నారు. మీరు వేసే ముడి ఒక్కోసారి వదులై జారిపోతోంది, ఒక్కోసారి ఎంతగా బిగుసుకుపోతోందంటే విప్పలేక కత్తితో కోసేయాల్సి వస్తోంది. జారకూడదు, పనయ్యాక చేత్తోనే విప్పుకోగలగాలి, అలాంటి ముడి ఉందా అని.

ఉంది. సామాన్లకైతే బౌలైన్ అనే ముడి వేసి, దాని కొసను విడిగా కట్టి భద్రం చేయండి. మనిషి బరువు తాడు మీద పడే చోట ఫిగర్ ఎయిట్ లూప్ వేయండి. ఈ రెండూ కళ్లు మూసుకుని వేయగలిగేలా నేర్చుకుంటే తాడు చివర లూప్ కోసం మూడో ముడి అవసరం చాలా అరుదుగా వస్తుంది. నేను ఇరవై రెండేళ్లుగా పెద్ద చెట్ల కొమ్మలు కోసి తాళ్ల మీద కిందికి దించే పని, ఎత్తులకు సామాన్లు లాగే పని చేస్తున్నాను. రోజూ వేసేవి ఈ రెండే.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇప్పుడు మీరు ఏం వేస్తున్నారో ఊహించగలను. బిగుసుకుపోయేది తాడును రెండు పేటలుగా మడిచి మామూలు ముడి వేసేసినది అయ్యుంటుంది. అది జారదు, నిజమే, కానీ బరువు పడ్డాక రాయిలా అయిపోతుంది. జారేదేమో తాడును తిప్పి తెచ్చి అసలు తాడుకే ఒకటి రెండు చుట్లు వేసి కట్టినది. అది నిజానికి లూప్ కాదు, జారుముడి. లాగేకొద్దీ హుక్ చుట్టూ బిగుస్తుంది, లాగడం ఆపగానే వదులవుతుంది. జారుముడికీ లూప్‌కీ తేడా తెలియకపోవడమే చాలా ప్రమాదాలకు మొదలు. పశువు మెడకో మనిషి ఒంటికో జారుముడి ఎప్పుడూ వేయకూడదు, లాగినకొద్దీ పీక బిగుస్తుంది. బౌలైన్ అలా కాదు, దానికి ఉన్న పెద్ద గుణం ఇదే. ఎంత లాగినా లూప్ సైజు మారదు.

వేసే పద్ధతి చెప్తాను. బరువును లాగే వైపు తాడును అసలు తాడు అందాం, చేతిలో మిగిలిన చివరను కొస అందాం. కొస వైపు మీకు కావలసిన లూప్‌కు సరిపోయేంత, దాని మీద ఇంకో రెండు జానలు వదలండి. అక్కడ అసలు తాడు మీద గుప్పెడంత చిన్న చుట్టు చేయండి. ఈ చుట్టులో కొస వైపు వెళ్లే తాడు పైన ఉండాలి, అసలు తాడు కింద ఉండాలి. ఇది తారుమారైతే చూడ్డానికి అలాగే ఉంటుంది, లాగగానే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఇక కొసను చుట్టులోకి కింది నుంచి పైకి తీయండి, అసలు తాడు వెనక నుంచి తిప్పండి, మళ్లీ అదే చుట్టులోకి పై నుంచి కిందికి దించండి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పేటప్పుడు ఇలా చెప్తాను: పాము పుట్టలోంచి పైకొచ్చింది, చెట్టు వెనక నుంచి తిరిగింది, మళ్లీ అదే పుట్టలోకి దూరింది. పుట్ట అంటే చిన్న చుట్టు, చెట్టు అంటే అసలు తాడు. ఇలా చెప్తే రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

ఇక బిగించడం. చాలామంది ఇక్కడే తొందరపడతారు. లూప్‌కు రెండు వైపులా ఉండే తాళ్లను కాళ్లు అందాం. కొసనూ దాని పక్కనున్న లూప్ కాలునూ కలిపి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అసలు తాడును గట్టిగా లాగండి. తర్వాత ముడిని తిప్పి రెండు వైపులా చూడండి. ఒక వైపు అసలు తాడు మెడ చుట్టూ కండువా వేసినట్టు ఒక వంపు కనిపించాలి. రెండో వైపు చిన్న చుట్టు రెండు పేటల తాడును కలిపి గట్టిగా పట్టుకుని కనిపించాలి. ఈ రెండూ స్పష్టంగా కనిపించకపోయినా, ఒక పేట ఇంకో పేట మీదకి అడ్డంగా ఎక్కినా విప్పి మళ్లీ వేయండి. కొస కనీసం తాడు మందానికి పది పన్నెండు రెట్లు ఉండాలి, అంటే మీ 12 మిల్లీమీటర్ల తాడుకు దగ్గర దగ్గర 15 సెంటీమీటర్లు. దాన్ని కట్టి భద్రం చేయడానికి ఇంకో 15 కావాలి కాబట్టి మొదటే రెండు జానలు వదలమన్నాను.

విప్పేటప్పుడు ఆ కండువా వంపును బొటనవేళ్లతో వెనక్కి, అసలు తాడు వైపుకి విరవండి. టన్ను బరువు లాగిన తర్వాత కూడా అది కదులుతుంది, అక్కడ కదిలిందంటే మిగతాది దానంతటదే వదులవుతుంది. అయితే బరువు వేలాడుతుండగా బౌలైన్ విప్పలేరు. సామాను కింద పెట్టి తాడు వదులు చేశాకే విప్పగలరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో "బరువు ఎక్కువై జారిపోతోందేమో" అని రాశారు. అది తిరగేసి ఆలోచించాలి. బౌలైన్ బరువు మీద ఉన్నంతసేపు గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ బరువే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. అది వదులయ్యేది బరువు లేనప్పుడు. లాగి, వదిలి, మళ్లీ లాగి, గాలికి ఊగి, గోడకు కొట్టుకుని, నేల మీద ఈడ్చుకుపోయినప్పుడు కొస కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుంది. సామాన్లు లాగే తాడు పనంతా అదే కదా. పైకి నిండుగా వెళ్తుంది, కిందికి ఖాళీగా ఊగుతూ దిగుతుంది. మీ ముడి ఊడేది ఖాళీగా దిగేటప్పుడే, మీకు తెలిసేది మాత్రం తర్వాతి బరువు ఎత్తేటప్పుడు.

ఇది నాకు చదివి తెలిసింది కాదు. ఒకసారి పెద్ద కొమ్మను దించడానికి ముందు రోజు సాయంత్రమే చెట్టు మీద తాడు కట్టి ఉంచాం. తాడు కొత్తది, పాలీప్రొపిలీన్, బిర్రుగా తీగలా ఉంది. బౌలైన్ నేనే వేశాను, జానెడు కొస వదిలాను, విడిగా కట్టలేదు. రాత్రంతా గాలి. పొద్దున పైకెక్కి చూస్తే ముడి ముడిలాగే ఉంది, దూరం నుంచి చూస్తే ఏ తేడా తెలియదు, కానీ జానెడు కొసలో రెండు వేళ్ల వెడల్పు మాత్రమే బయట మిగిలింది. కింద నుంచి చూసి "బాగానే ఉంది" అనుకుని కొమ్మ కోసి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు, ఆ కొమ్మ కింద ముగ్గురు మనుషులు తాడు పట్టుకుని నిలబడాల్సి ఉంది. ఆ రోజు నుంచి కొస కట్టకుండా బౌలైన్ వేసి వదలడం మానేశాను. ముడిని దగ్గరికెళ్లి చేత్తో పట్టుకుని చూడకుండా బరువు వేయడం కూడా మానేశాను.

మీకు నమ్మకం కుదరాలంటే ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. మీ తాడుతో బౌలైన్ వేసి బాగా బిగించి, కొస ముడిలోంచి బయటికి వచ్చే చోట మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత లూప్ పట్టుకుని గాల్లో వంద సార్లు విదిలించండి. గీత ముడి నుంచి ఎంత దూరంలో ఉందో, లేదా ముడి లోపలికి వెళ్లి మాయమైందో చూడండి. పాత మెత్తటి తాడుతో ఒకసారి, కొత్త తాడుతో ఒకసారి చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

కొసను భద్రం చేయడం ఇలా. కొసను తీసుకుని పక్కనే ఉన్న లూప్ కాలు చుట్టూ రెండు చుట్లు చుట్టండి, ఆ రెండు చుట్ల కింద నుంచి కొసను దూర్చి లాగి బిగించండి. ఇది బౌలైన్‌కు ఆనుకుని ఉండాలి, నాలుగు వేళ్ల దూరంలో వేస్తే ఆ నాలుగు వేళ్లూ ముడి వదులవుతుంది. ఒక్క చుట్టుతో సరిపెట్టకండి, ఒక్క చుట్టు ఊగులాటకి తనే ఊడిపోతుంది. తాడు మరీ బిర్రుగా ఉంటే మొదట్లో చేసే చిన్న చుట్టును ఒకటికి రెండు చేయండి, దాన్ని డబుల్ బౌలైన్ అంటారు, పట్టు బాగా పెరుగుతుంది, విప్పడం కష్టమేమీ కాదు. నేను కొత్త తాడుతో ఎప్పుడూ డబులే వేస్తాను, దానికి కూడా కొస కడతాను.

బౌలైన్‌కు ఇంకో బలహీనత ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. లూప్‌ను దాని రెండు కాళ్లూ ఎడంగా పోయేలా లోపలి నుంచి లాగితే, అంటే ఒక లూప్‌లోనే రెండు హుక్‌లు వేసి రెండు వైపులకి లాగితే, ముడి తాను తయారైన పద్ధతికి అడ్డంగా పనిచేయాల్సి వస్తుంది, అప్పుడు జారవచ్చు. లావుపాటి స్తంభానికి చిన్న లూప్ తగిలించినా ఇదే జరుగుతుంది. లూప్ పొడవు స్తంభం అడ్డుకొలతకు మూడు రెట్లయినా ఉండేలా చూసుకోండి. పైగా కాళ్లు ఎడమయ్యేకొద్దీ ఒక్కో కాలు మీద బరువు పెరుగుతుంది. రెండు కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కాలూ మొత్తం బరువంత లాగుడు మోస్తుంది, ఇద్దరు పంచుకుంటున్నారనుకున్న బరువు ఇద్దరి మీదా పూర్తిగా పడినట్టు.

ఇక ఫిగర్ ఎయిట్. మామూలు ముడి వేసేటప్పుడు చుట్టు చేసి కొసను నేరుగా అందులోకి దూరుస్తాం. ఇందులో దూర్చేముందు అసలు తాడును ఇంకో అరచుట్టు చుట్టి అప్పుడు దూరుస్తాం, ముడి 8 అంకెలా కనిపిస్తుంది. ఆ అరచుట్టు వల్లే ఇది మామూలు ముడి అంత ఘోరంగా బిగుసుకోదు. హుక్‌కైతే తాడును రెండు పేటలుగా మడిచి, ఆ మడతతోనే 8 వేస్తే లూప్ వచ్చేస్తుంది. స్తంభానికో బెల్టుకో చుట్టి కట్టాలంటే మాత్రం ముందు ఒంటి తాడుతో 8 వేసి, కొసను అవతలి నుంచి తిప్పి తెచ్చి, అదే దారిలో వెనక్కి పక్కపక్కనే నడిపించాలి. సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి జతలు లెక్కపెట్టండి. పూర్తయిన ముడిలో ఎటు చూసినా రెండేసి తాళ్లు పక్కపక్కనే ఉండాలి, అలాంటి జతలు మొత్తం ఐదు. నాలుగే వస్తే ఎక్కడో దారి తప్పారు.

మనుషులకు దీన్నే వాడమనడానికి కారణం బలం ఒక్కటే కాదు. ఊగినా వదిలినా ఇది బౌలైన్‌లా వదులవదు, పైగా తప్పు వేస్తే పక్కనున్న మనిషికి కూడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. బౌలైన్‌లో తప్పు పట్టుకోవాలంటే చూసేవాడికి అలవాటు ఉండాలి. అందుకే కొండలెక్కేవాళ్లు ఎక్కువగా ఫిగర్ ఎయిట్ వేసుకుని, ఒకరి ముడిని ఒకరు చూసుకుంటారు. చేయి తిరిగినవాళ్లకు ఇది అక్కర్లేదనుకోకండి. లిన్ హిల్ అని అమెరికా క్లైంబర్, 1993లో ఎల్ క్యాపిటన్ కొండ మీది నోస్ మార్గాన్ని తాడు మీద బరువు వేయకుండా ఎక్కిన మొట్టమొదటి మనిషి. అంతకుముందు 1989లో ఫ్రాన్స్‌లో ఒక కొండ దగ్గర ఆమె తాడును నడుము బెల్టులోంచి దూర్చారు, ముడి పూర్తి చేయకముందే దృష్టి మళ్లింది, పైన వేసుకున్న జాకెట్ దాన్ని కప్పేసింది. పైదాకా ఎక్కి, దిగడానికి తాడు మీద బరువు వేయగానే పడిపోయారు. చెట్టు మీద పడటం వల్ల బతికారు. నేను మా కుర్రాళ్లకు ఈ కథ చెప్పి ఒక్కటే అడుగుతాను, ముడి వేస్తున్న మనిషిని పలకరించొద్దు, మీరు వేస్తుండగా ఎవరైనా పిలిస్తే పూర్తయ్యాకే పలకండి. మధ్యలో ఆపితే మొదటి నుంచి వేయండి.

మనుషుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎంత మంచి లూప్ అయినా నడుముకు కట్టుకుని వేలాడటం పనికిరాదు. తాడు పొట్ట మీదా పక్కటెముకల మీదా నొక్కి కొన్ని నిమిషాల్లోనే ఊపిరి ఆడనివ్వదు. ఎత్తు మీద పని అంటే సరైన హార్నెస్, అంటే నడుముకూ తొడలకూ కలిపి వేసుకునే బెల్టుల కట్టు, ఉండాల్సిందే, దానికి కట్టేదే ఫిగర్ ఎయిట్.

బలం లెక్క కూడా చెప్పేస్తాను. ఏ ముడి వేసినా తాడు బలం తగ్గుతుంది. ముడిలో తాడు మలుపు తిరిగే చోట బయటి వైపు నూలుపోగులు సాగి బరువంతా మోస్తాయి, లోపలి వైపువి ఖాళీగా ఉంటాయి. అందుకే ముడి వేసిన తాడు తెగితే సాధారణంగా అసలు తాడు ముడిలోకి ప్రవేశించే చోటే తెగుతుంది. మీరు పాత తాళ్లు చూస్తే ఆ చోటే నూలు లేచిపోయి, కొన్నిచోట్ల గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటుంది. అది రాపిడి వేడికి కరిగి గడ్డకట్టిన చోటు, అలాంటిది కనిపిస్తే ఆ ముక్క కోసి పారేయండి. పని లెక్కకు నేను బౌలైన్‌లో మూడింట రెండు వంతుల బలం, ఫిగర్ ఎయిట్‌లో నాలుగింట మూడు వంతులు మిగులుతుందని వేసుకుంటాను. మీ తాడు లేబుల్ మీద 3,000 కిలోల దగ్గర తెగుతుందని ఉందనుకోండి, బౌలైన్‌తో 2,000 అనుకోవాలి, అందులో పదో వంతు, అంటే 200 కిలోలకు మించి నేను వేలాడదీయను. ఇంత జాగ్రత్త దేనికంటే, బరువు ఒక్క అడుగు జారి ఆగినా ఆ కుదుపు అసలు బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. నైలాన్ తడిస్తే ఇంకో పది శాతానికి పైగా బలం పోతుంది, ఎండకు నెలల తరబడి ఉంటే ఇంకా పోతుంది.

తాడు రకాన్ని బట్టి కూడా మారుతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి కుదుపు తట్టుకుంటుంది, ముడి కూడా బాగానే పడుతుంది. పాలీప్రొపిలీన్ నున్నగా జారుతుంది, నీళ్లలో తేలడం తప్ప బరువులెత్తడానికి దానిలో నాకు నచ్చే గుణం లేదు. కొబ్బరి, జనపనార తాళ్లు తడిసి ఉబ్బితే ముడి విప్పడం మహా కష్టం. డైనీమా అనే కృత్రిమ నారతో చేసిన తాళ్లు సన్నగా ఉండి విపరీతమైన బలం చూపిస్తాయి కానీ సబ్బు రాసినట్టు జారతాయి, వాటికి మామూలు ముడులు వేయనే వేయకూడదు, అల్లి లూప్ చేయాలి.

ఇప్పటికే బిగుసుకుపోయిన ముడులు మీ దగ్గర ఉంటే కత్తి తీయకముందు ఒకటి చేసి చూడండి. ముడిని గట్టి చెక్క మీద పెట్టి, దొర్లిస్తూ చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టండి, తర్వాత తాడును ముడిలోకి లాగకుండా తోయండి. లాగితే బిగుస్తుంది, తోస్తే సందు వస్తుంది. సందు వచ్చాక మొనదేలిన చెక్క పుల్ల దూర్చి వదులు చేయండి. స్క్రూడ్రైవర్ వాడకండి, లోపలి నూలు తెగుతుంది, అది బయటికి కనిపించదు.

చివరగా, మీ ప్రశ్నలో హుక్ ఎప్పుడూ ఆ తాడుకే వాడతారని, అప్పుడప్పుడు మాత్రం తీసి వేరే తాడుకు వేస్తారని ఉంది. మీ స్థానంలో నేనుంటే అసలు ముడే వేయను. మీది మూడు పురుల తాడు అయితే చివర పురులు విప్పి, తాడులోకే వెనక్కి అల్లి శాశ్వతమైన లూప్ చేసి, లోపల థింబుల్ అనే ఇనుప కంటె పెడతాను, హుక్‌ను షాకిల్‌తో, అంటే పిన్నుతో మూసే U ఆకారపు ఇనుప కొక్కెంతో, దానికి తగిలిస్తాను. తీయాలంటే షాకిల్ పిన్ను విప్పితే చాలు, తాడును ముట్టుకోనక్కర్లేదు. సరిగ్గా అల్లితే తొంభై శాతం దాకా బలం నిలుస్తుంది, ఊగినా వదులయ్యేది ఏమీ ఉండదు. సహజ నార తాడుకు ప్రతి పురినీ మూడుసార్లు దూరిస్తే సరిపోతుంది, నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి ఐదుసార్లకు తగ్గొద్దు. మొదటి వరుస దూర్చేటప్పుడు మూడు పురులూ మూడు వేర్వేరు సందుల్లోంచి బయటికి రావాలి. ఒకే సందులోంచి రెండు వచ్చాయంటే అక్కడే ఆపి వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ పైన ఎంత అల్లినా ఆ తప్పు సర్దుకోదు. మొదటిసారి గంట పడుతుంది, పాత తాడు ముక్క మీద రెండు మూడు సార్లు చేసి చూసుకుని అప్పుడు మీ తాడు మీద చేయండి.